ఏడో ఆకు

తొలి వాన పడిన రోజు

పాత పుస్తకం నిండిపోయింది. ఇది కొత్తది. అట్ట మీద కిల్లో సుక్రి అని నా పేరు రాశాను.

తెల్లవారేసరికి వాన పడి ఉంది. బండ మీద బొటనవేలు తడిసేంత. మంచు పట్టే వలల నుంచి తొట్టిలోకి నాలుగు వేళ్ల నీరు దిగింది. కుళాయి దగ్గర వరసలో నిలబడ్డాం. కార్యాలయం వారు తొడిగిన కడియం ఉన్న చెయ్యి కుళాయి కింద పెడితే ఆరు చెంబులు వస్తాయి. కొండ మీద అరవై ఒక్క మంది ఉన్నాం. ఈ రోజుకి అందరి కడియాలూ ఆకుపచ్చగానే వెలుగుతున్నాయి.

తొలి వాన నుంచి పద్దెనిమిది రోజులు లెక్క కాలం. ఆలోగా పదిహేడు ఇళ్ల గుంటల్లోనూ పూసిన పూలను నేను లెక్కపెట్టి రాయాలి. ఒక ఇంటికి ఒకసారే లెక్క. నలభై పూలకు ఒక మనిషి. పువ్వు తాగే మంచే మనిషీ తాగుతాడు కాబట్టి, ఎన్ని పూలు బతికితే అంతమందికే కొండ మీద నీరున్నట్టని కార్యాలయం వారి లెక్క. ఇంట్లో మనుషులకు సరిపడా పూలు లేకపోతే, తక్కువైనంత మంది తీగబండిలో దిగువకు వెళ్లాలి. ఆకాశంలో తిరిగే కెమెరాలకు మంచులో పువ్వు కనబడదు. అందుకే ఈ పని మనిషికి ఇచ్చారు. పదో తరగతి చదివినదాన్ని కొండ మీద నేనొక్కదాన్నే.

రెండో రోజు

ఏటా మొదటి పేజీలో మొక్క వివరాలు రాయమంటారు. రాస్తున్నాను.

బండనీలి. బండల మీద పల్లం పడిన గుంటల్లో పెరుగుతుంది. మట్టి రెండు వేళ్ల లోతు ఉండాలి. అంతకు మించితే గడ్డి లేచి దీన్ని నొక్కేస్తుంది. ఈశాన్యానికి వాలిన బండలే కావాలి, మంచు ముందు అక్కడే తగులుతుంది. దుంప శనగ గింజంత. ఆకులు నేలకు అతుక్కుని గుండ్రంగా పరుచుకుంటాయి. పైన ముదురు ఆకుపచ్చ, అడుగున తెల్లటి నూగు. ఆ నూగు మీద మంచు పట్టి, బొట్టుగా దుంప మీదికి జారుతుంది. మొలిచిన ఏడు ఒక ఆకు, మరుసటి ఏడు రెండు. ఏడో ఆకు వచ్చిన ఏడు మధ్యలోంచి జానెడు కాడ ఒకటి లేస్తుంది. కాడకు ఒకటే పువ్వు. అయిదు రేకులు, నీలం, రేకు మొదట పసుపు మచ్చ. మంచు విడిచినప్పుడు విచ్చుకుని, ఎండ బండ మీదికి రాగానే ముడుచుకుంటుంది. అలా తొమ్మిది రోజులు. తరువాత గింజ రాల్చి మొక్క చచ్చిపోతుంది.

ఆకులు లెక్కపెట్టి వయసు చెప్పడం నాకు మా అమ్మ తమ్ముడు పాంగి గాసి నేర్పాడు. ఆయన గుంటలు పదకొండు, మా గుంటల పక్కనే, తూర్పు బండ మీద. పెళ్లాం పోయింది, పిల్లలు లేరు. ఒక్కడే.

అయిదో రోజు

మొగ్గలు చూడడానికి మా గుంటల దగ్గరికి వెళ్లాను. రెండువందల ఎనిమిది. ఇంట్లో అయిదుగురం: అత్త సోములమ్మ, మా ఆయన దొంబ్రు, మరిది లైకోను, అతని భార్య దాలమ్మ, నేను. అయిదుగురికి రెండువందలు చాలు. దాలమ్మకు తొమ్మిదో నెల. బిడ్డ పుడితే రెండువందల నలభై కావాలి.

"ఎన్నే?" అని అడిగింది అత్త. జొన్నలు చెరుగుతోంది.

"రెండొందల ఎనిమిది."

"మరి పుట్టబోయే గుంటడికి?"

"గుంటడో గుంటో, ఇంకా పుట్టనేదు గదా అత్తా."

"పుట్టీసినాక నువ్వేటి సేస్తావు? గుడ్డతో పూలు కుట్టి పెడతావా?"

దాలమ్మ నవ్వింది. అత్త నవ్వలేదు.

"నాను దిగిపోతాన్లే. ఎండంటే నాకు బయం నేదు. మా అక్కకీ నేదు. పోయినేడు దిగింది. వారమే బతికింది," అంది అత్త.

లైకోను చెంబు తీసుకుని బయటికి వెళ్లాడు.

ఏడో రోజు

మంచు విడవక ముందు మా గుంటల వైపు కాలిన వాసన వచ్చింది. వెళ్లి చూస్తే అత్త గుంట అంచున గొంతుకూర్చుని ఉంది. ముందు కుండ, అందులో నిప్పుల మీద తడిగడ్డి. చేటతో విసురుతూ పొగను ఆకుల మీదికి తోలుతోంది.

"ఏటి సేస్తన్నావు?"

"దోమలు."

"ఈ కొండ మీద దోమలు నేవు అత్తా."

"అందుకే నేవు," అని చేట ఆపకుండా అంది. తరువాత చెప్పింది. వాళ్ల అమ్మమ్మ అనేదట, తొలి వాన తరువాత మూడు పూటలు పొగ పెడితే ఏడో ఆకు రాకుండానే మరునాటికల్లా బండనీలి పూస్తుందని. నిన్న రెండు పూటలు పెట్టిందట. ఇది మూడోది.

"ఆ మొక్కలు వచ్చే ఏడు, ఆపై ఏడు పుయ్యాల్సినవి."

"అప్పటికి సూద్దాం. ఈ ఏడు గుంటడికి నీళ్లు కావాలి. తప్పుకో, పొగ నీకు తగుల్తంది."

తప్పుకున్నాను.

పదో రోజు

గుంట అంచున సున్నం చుక్క పెట్టడం ఇక్కడి ఆచారం. పూలు నిండుగా విచ్చుకున్నాయని ఇంటివాళ్లకు తోచిన రోజున చుక్క పెడతారు. అది చూసి లెక్కకు వెళ్తాను. చుక్క లేని గుంటలోకి నాకు ముందు పనిచేసిన వాళ్లెవరూ దిగలేదు, నేనూ దిగలేదు.

ఈ రోజు అత్త మా గుంటలకు చుక్క పెట్టింది. వెళ్లాను. మూడువందల డెబ్భై ఒకటి.

ఏడాకుల మొక్కలకు అయిదు రేకుల పూలే ఉన్నాయి. మిగతావి నాలుగాకుల మొక్కలు, అయిదాకులవి, ఆరాకులవి. కాడ వేలెడంత. రేకులు నాలుగు, కొన్నింటికి మూడు. రంగు వెలిసిన చీరలా ఉంది. ఒక పువ్వు అడుగున కాయను గోటితో చీల్చాను. మంచి కాయలో ఆవగింజ కంటే చిన్న పచ్చని గింజలు వరసగా ఉంటాయి. ఇందులో పొట్టు ఉంది.

ఫారంలో పూల సంఖ్య అని మాత్రమే ఉంది. 371 అని రాశాను.

పదకొండో రోజు

పొద్దున్నే కొండంతా కుండలు, చేటలు. మంచేదో పొగేదో తెలియలేదు. అత్త ఎవరికీ చెప్పలేదు. మా గుంటలు చూసినవాళ్లు వాళ్లంతట వాళ్లే తెలుసుకున్నారు.

కుళాయి దగ్గర గాసి మావ గొంతు పెంచాడు. ఆయన మాట్లాడితే సగం నవ్వులాటగా ఉంటుంది. ఈ రోజు అలా లేదు.

"మా తాత కాలంలో ఒకపాలి పెట్టినారు పొగ. మూడేళ్లు బండ బోడిగుండు. అప్పుడంటే లెక్కల్లేవు, బతికీసినారు. మీరేటి తింటారు, ఏటి తాగుతారు వచ్చే ఏడు? పొగ తాగుతారా?"

"నీకేటి మావా, ఒంటిగాడివి," అన్నాడు కొర్రా జగ్గులు. అతని ఇంట్లో ఏడుగురు. పోయినేడు తల్లిని పంపాడు. "నలభై పూలు పూస్తే నీ కడుపు నిండిపోద్ది. మాకు రెండొందల ఎనభై కావాలి. నీకు పెళ్లాముంటే తెలిసేది."

"పెళ్లాముంటే నీలాగ కుండట్టుకుని ఊదుతుందునేటి."

వరసలో నవ్వారు. నవ్వుతూనే, నీళ్లు పట్టుకున్నవాళ్లు పట్టుకున్నట్టు గుంటలకు పోయారు.

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వు సెప్పు సుక్రీ. సదువుకున్నావు గదా."

"ఫారంలో ఆకుల మాట నేదు మావా," అన్నాను.

పదమూడో రోజు

నిన్నా ఈ రోజూ కలిపి పద్నాలుగు ఇళ్ల లెక్క అయింది. జగ్గులు ఇంటికి ఆరువందల పన్నెండు. ఎక్కడ చూసినా నాలుగాకుల మీద పువ్వే. ఈ ఎండాకాలంలోగా ఇవన్నీ చస్తాయి. మిగిలేవి మూడాకులు, అంతకు తక్కువ ఉన్నవి. అవి పూయడానికి తక్కువలో తక్కువ నాలుగేళ్లు.

సాయంత్రం తూర్పు బండకు వెళ్లాను. గాసి మావ గుంటల్లో పొగ వాసన లేదు. కూర్చుని లెక్కపెట్టాను, పువ్వులు కాదు, ఆకులు. ఆరాకుల మొక్కలు నలభై నాలుగు. అయిదాకులవి యాభై. నాలుగాకులవి నలభై ఎనిమిది. ప్రతి ఏటికీ సుమారుగా ఒక మనిషి.

వచ్చే ఏడు కొండ మొత్తం మీద పూసేవి ఈ నలభై నాలుగే. ఉండబోయేది ఒకరే.

మావ గడ్డిదుబ్బులు పీకుతున్నాడు. ఈ ఏటి పూలు ఆయనకు ముప్పై ఏడు విచ్చుకున్నాయి, మూడు మొగ్గలు ఉన్నాయి. ఎండకు ముడుచుకున్నవాటినీ మొగ్గలనూ పక్కపక్కన చూస్తే తేడా తెలుస్తుంది. మొగ్గ కొనకు ఇంకా పచ్చదనం ఉంది.

"పదహారో రోజుకి సుక్కెడతాను," అన్నాడు. "మూడూ ఇచ్చుకుంటాయి. లెక్క నలభై. ఒకటి ఎక్కువొచ్చినా నాకు దండగే, పెట్టుకోడానికి పెళ్లాం కూడా నేదు."

"మావా, కాడ ఒకటి మేక కొరికితే?"

"మేకలన్నిట్నీ ఆపీసోళ్లే పట్టుకెల్లిపోనారు గదా. మనిసి కొరికితే తప్ప."

పద్నాలుగో రోజు

మంచు విడిచే వేళకు తూర్పు బండ మీద ఉన్నాను. ఆ వేళకు మావ కుళాయి వరసలో ఉంటాడు. సున్నం చుక్క లేదు. గుంటలోకి దిగాను. విచ్చుకున్నవి ముప్పై ఏడు. మొగ్గలు మూడు. రెండోసారి లెక్కపెట్టాను. 37 అని సిరాతో రాసి, తేదీ వేసి, వేలిముద్ర పెట్టాను.

ఆయన కావిడి దించేసరికి నేనింకా అక్కడే ఉన్నాను. పుస్తకం మూసి ఉంది. చూశాడు.

"సున్నం ఎట్టనేదే నాను."

"రూల్లో సున్నం నేదు మావా. పద్దెనిమిది రోజుల్లో ఒకపాలి అని ఉంది."

"ఎల్లుండికి ఇచ్చుకుంటాయి."

"ఈ రోజు ముప్పై ఏడు."

కాసేపు ఆ మూడు మొగ్గల వైపు చూశాడు. తరువాత గుంట అవతల, ఆరాకుల మొక్కలు ఎక్కువున్న వైపు చూశాడు. ఆయనే నాకు ఆకులు నేర్పింది, నేను నిన్న ఏం లెక్కపెట్టానో ఆయనకు చెప్పక్కరలేదు.

"మీ ఇంట్లో పూలు ఎక్కువొచ్చినాయి. నన్ను మీ ఇంట్లో కలిపీసుకో. గుంటలు మీ ఇంటికే రాసిచ్చీస్తాను."

"ఈ ఏటికి సరిపోద్ది. వచ్చే ఏడు నలభై నాలుగే పూస్తాయి. నలభైకి ఒకలే మావా."

"అవును," అన్నాడు. "ఒకలే." కావిడి మళ్లీ ఎత్తుకున్నాడు. రెండు అడుగులు వేసి ఆగాడు. "గడ్డి సగమే పీకినాను. రెండో గుంటలో దుబ్బు ఉంది. వేరుతో రాకపోతే మళ్లీ లెగుస్తాది."

పదహారో రోజు

మొగ్గలు మూడూ విచ్చుకున్నాయి. మంచి పూలు, అయిదేసి రేకులు.

నిన్న లెక్క పంపాను. ఈ పొద్దున్న మావ కడియం ఎర్రబడింది. కుళాయి కింద చెయ్యి పెట్టాడు, నీరు రాలేదు. చెయ్యి తుడుచుకుని మళ్లీ పెట్టాడు. వెనక ముప్పై మంది ఉన్నారు.

"ఎర్రకడియానికి రాదు మావా, జరుగు," అన్నాడు జగ్గులు. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు.

ఎర్రకడియం వాళ్లకు నీళ్లిస్తే ఇచ్చినవాళ్ల కడియం కూడా ఎర్రబడుతుంది. ఎవరూ ఇవ్వలేదు. మావ చెంబు బోర్లించి, కుళాయి అరుగు మీదే పెట్టి వెళ్లిపోయాడు. వరస ముందుకు జరిగింది. నా వంతు వచ్చినప్పుడు ఆరు చెంబులు పట్టుకున్నాను. ఇంటికి వెళ్తే అత్త నా ముఖం చూసి, "సున్నం పెట్టినాడా ఆడు?" అని అడిగింది.

"నేదు."

అత్త పొయ్యిలో పుల్ల ముందుకు తోసింది. ఈ రోజు అన్నం నాకు ముందు పెట్టింది.

పద్దెనిమిదో రోజు

తనిఖీ అధికారి తీగబండిలో వచ్చాడు. కుర్రవాడు, ముక్కు ఎండకు పొక్కి ఉంది. పుస్తకం తీసుకుని కూడిక చేశాడు. నాలుగువేల మూడువందల పన్నెండు.

"నూట ఏడుగురు," అన్నాడు. "పదేళ్లలో ఇంత పంట ఎప్పుడూ లేదమ్మా. బాగా కాపాడారు. పుట్టబోయే బిడ్డకు ఒక చోటు ఉంచి, వారంలోగా నలభై ఆరు మందిని పైకి పంపుతాం. కింద చాలామంది ఎదురుచూస్తున్నారు."

"నాలుగాకుల మొక్కలు పూసినాయి సార్," అన్నాను.

"అంటే?"

"ఏడాకులు వస్తే పుయ్యాలి."

పుస్తకం వెనక్కి తిప్పి చూశాడు. "ఆకులకు గడి లేదే. పువ్వులు పువ్వులే కదా?"

"పువ్వులే సార్."

తక్కువ పడిన ఇళ్ల జాబితా తీశాడు. ఒక్క పేరే ఉంది. మావ సంచితో వచ్చి నిలబడ్డాడు. పెదవులు పగిలి ఉన్నాయి.

"పూలు ఎక్కువున్న బంధువుల ఇల్లు ఏదైనా ఉంటే అందులో చేర్చవచ్చు," అన్నాడు అధికారి. "వాళ్లు ఒప్పుకోవాలి. ఎవరైనా ఉన్నారా?"

నేను పుస్తకం పట్టుకుని ఉన్నాను. అత్త నా పక్కనే ఉంది. దొంబ్రు నా వైపు చూసి, కిందికి చూశాడు.

"ఎవలూ నేరు సార్," అన్నాడు మావ.

అధికారి నా వైపు చూశాడు. బంధువులు అన్న గడిలో లేరు అని రాశాను.

ఖాళీ అయిన గుంటలు పక్క గుంటల ఇంటికి వస్తాయి. అంటే మాకు. వాటికి ఒక హక్కుదారు ఉండాలి. వాటిలో పూసేవి ముందు ఆ హక్కుదారుకే లెక్క. మూడేళ్లలోపు పిల్ల పేరున రాస్తే పిల్లతో పాటు తల్లినీ కొండ మీద ఉంచుతారు. పది రోజుల్లో ఫారం పంపమని, ఒకసారి పంపితే పేరు మారదని చెప్పి ఇచ్చాడు.

మావ తీగబండి ఎక్కేముందు తలుపు దగ్గర ఆగి, కూర్చునే బల్ల మీద చెయ్యి పెట్టి చూశాడు. కాలుతోంది కాబోలు, సంచి వేసుకుని దాని మీద కూర్చున్నాడు.

ఇరవై అయిదో రోజు

నలభై ఆరుగురు వచ్చారు. సగం మందికి చెప్పుల్లేవు. బండ చల్లగా ఉందని పిల్లలు దాని మీద బోర్లా పడుకున్నారు, ఎంత పిలిచినా లేవలేదు. ఒకామె కుళాయి దగ్గర నీళ్లు పట్టుకుని తాగకుండా చెంబు పట్టుకుని నిలబడింది.

"ఇంక దిగక్కర్లేదు గదండీ?" అని నన్ను అడిగింది.

"ఈ ఏడు దిగక్కర్లేదు."

"ఈ పూలేనా అవి? చిన్నగా ఉన్నాయే."

వాడిపోయిన కాడలు చూపించింది. మా గుంటల్లో, జగ్గులు గుంటల్లో, అన్నిట్లో మొక్కలు గోధుమరంగుకు తిరిగాయి. ఆకు పట్టుకుంటే దుంపతో సహా చేతిలోకి వచ్చేస్తోంది. దుంప మెత్తబడిపోయింది. తూర్పు బండ మీద మాత్రం ఆకుపచ్చగా ఉంది. రెండో గుంటలో దుబ్బు నేను వేరుతో పీకేశాను.

ఇరవై ఆరో రోజు

దాలమ్మకు ఆడపిల్ల పుట్టింది. కడియం తెచ్చి తొడిగితే జారిపోయింది. గుడ్డతో చుట్టి కట్టాం. ఆకుపచ్చ వెలిగింది.

ఇరవై ఏడో రోజు

సాయంత్రం తినేటప్పుడు అత్త మాట ఎత్తింది.

"ఆరాకులవి ఎన్నే?"

"నలభై నాలుగు."

తినే చేతులు ఆగాయి. వచ్చే ఏడు మా గుంటల్లో ఒక్కటీ పూయదని ఇంట్లో అందరికీ తెలుసు. ఇంతవరకు ఎవరూ బయటికి అనలేదు.

"ఒకలు," అన్నాడు లైకోను.

"ఒకలు కాదు. పిల్ల పేరున రాస్తే ఇద్దరు. తల్లీ పిల్లా," అంది అత్త. "మనం తిన్నంత తిన్నాం. నాను దిగుతాను. దొంబ్రూ, నువ్వూ దిగుతావు. సిన్నోడూ దిగుతాడు. ఏటిరా?"

దొంబ్రు తల ఊపాడు. లైకోను కాసేపు గిన్నెలోకి చూసి, వాడూ ఊపాడు. దాలమ్మ పిల్లను పక్క మార్చుకుంది. నా వంతు వచ్చేసరికి అందరూ నా వైపు చూశారు.

"గాసిగాణ్ణి దింపినావు," అంది అత్త. ఆ మాట ఇంట్లో అనడం అదే మొదలు. "పిల్ల కోసమే గదా దింపినావు. రాసీయి మరి."

"రాస్తాను," అన్నాను.

ఇరవై ఎనిమిదో రోజు

ఫారం నింపాను. తూర్పు బండ. గుంటలు పదకొండు. మట్టి లోతు రెండు వేళ్లు. ఆరాకుల మొక్కలు నలభై నాలుగు, అయిదాకులవి యాభై, నాలుగాకులవి నలభై ఎనిమిది. ఆకులకు గడి లేదు కాబట్టి అంచున రాశాను. హక్కుదారు: కిల్లో సుక్రి, వయసు నలభై మూడు. పొద్దున్న బండిలో పంపేశాను.

ఇంటికి వచ్చేసరికి దాలమ్మ గుమ్మంలో పిల్లకు ఆముదం రాస్తోంది.

"ఎల్లిపోనాదా అక్కా?"

"ఎల్లిపోనాది."

"పేరు ఇంకా పెట్టనేదు గదా మనం. ఏమని రాసినావు?"

"ఆడశిశువు అని రాసినాను," అన్నాను.

"అలాగ రాస్తే సెల్లుతాదా?"

"సెల్లుతాది," అని చెప్పి, దాలమ్మ పట్టమంటే పిల్ల కాళ్లు కదలకుండా పట్టాను.